నవలయు తెరయు

నవలను చదివిన కన్నులతో చలనచిత్రమును చూచువారు పుటకు పుట సరిపోల్చి, తేడా కనబడినచోటనెల్ల ద్రోహమని కేకలు వేయుదురు. మేమును ఒకప్పుడట్టివారమే. కడప జిల్లాలో పుట్టిన బి. ఎన్. రెడ్డిగారు 1955లో తీసిన ‘బంగారుపాప’ మా భ్రమను వదలించినది.

జార్జి ఎలియట్ 1861లో ప్రకటించిన ‘సైలస్ మార్నర్’ నవల దీనికి మూలము. పాలగుమ్మి పద్మరాజుగారి కలమున ఆంగ్లదేశపు నేతగాడు మన కోటయ్య ఆయెను, ఎస్. వి. రంగారావుగారు వానికి ప్రాణము పోసిరి. పేరు మారినది, ఊరు మారినది. లోకము చేసిన అన్యాయమునకు రాయియైన గుండెను దిక్కులేని బిడ్డ కరగించుట మాత్రము మారలేదు.

ఆంగ్లమెరుగని రైతునకు ఆ కథ తన యింటిదిగా తోచినచో మూలకర్తకు అంతకన్న గౌరవమేమి? అక్షరమును కాచి ఆత్మను చంపుట విధేయత కాదు. మన సీమకథలను తెరకెక్కింపబూనువారు ఈ పాఠమును మరువకుందురు గాక!