ఎనిమిదేళ్ల ఆలస్యం

కజకిస్తాన్ సైక్లిస్టు ఆండ్రీ కివిలెవ్ 2001 టూర్ ద ఫ్రాన్స్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. రెండేళ్లు తిరక్కముందే, 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కిందపడి, తలకు తగిలిన దెబ్బతో మర్నాడే కన్నుమూశాడు. వయసు 29. నెత్తిన హెల్మెట్ లేదు. ఆ మే నెలలోనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. దీన్ని సత్వర స్పందన అనడానికి నాకు మనసొప్పదు. బార్సిలోనా ఒలింపిక్ స్వర్ణ విజేత ఫాబియో కాసార్తెల్లి 1995 టూర్‌లో పిరనీస్ కొండ దిగుతూ, హెల్మెట్ లేకుండానే, 24 ఏళ్లకు పోయాడు. అప్పుడే రావాల్సిన నిబంధన ఇది. వద్దన్నది రైడర్లే కదా అంటారు. నిజమే, 1991లో ఇదే పారిస్-నీస్‌లో వాళ్లు హెల్మెట్ నిబంధనకు ఎదురుతిరిగి దాన్ని ఆపించారు. మండుటెండలో కొండెక్కేవాడికి తల ఉడికిపోతుందన్న బాధా అబద్ధం కాదు. కానీ సెకన్ల తేడాతో బతుకుతెరువు తేలే చోట, పక్కవాడు పెట్టుకోనిది తానొక్కడే ఎందుకు మోస్తాడు? అందరికీ ఒకే నిబంధన ఉంటేనే ఆ బెంగ తీరుతుంది. హెల్మెట్ ఉన్నా 2011 జిరో డిటాలియా రేసులో కొండ దిగుతూ పడిన సైక్లిస్టు వౌటర్ వేలాంట్ బతకలేదు. దానర్థం హెల్మెట్ దండగని కాదు, కొండ దిగే దారుల్లో భద్రత పని ఇంకా మిగిలే ఉందని.