షుగరొచ్చింది సరే, రేషన్ సంచి మాటేంటి?

మా కొండపల్లి బొమ్మల కాలనీలో పొద్దున పనికి కూర్చున్నోళ్లు పొద్దుగూకేదాకా లేవరు. తెల్లపొణికి చెక్క చెక్కాలన్నా, రంగులెయ్యాలన్నా కూర్చునే పనే. లేస్తే బొమ్మ ఆగుద్ది, బొమ్మాగితే కూలి ఆగుద్ది. అట్టాంటోళ్లకి పరగడుపు షుగర్ 126 దాటితే వినపడే మాట ఒకటే: "అన్నం తగ్గించండి, నడవండి."

మాట తప్పు కాదు. కొత్తగా బయటపడ్డప్పుడు తిండి, బరువు, నడక సర్దుకుంటే షుగర్ బాగా దిగుద్ది. నేనడిగేదల్లా, అన్నం తగ్గించి ఏం తినాలి? 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం పెట్టాడు, పేదోడి పొయ్యి వెలిగింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ నలభై ఏళ్లు దాటినా సంచి నింపేది పాలిష్ బియ్యమే. కూరగాయలు, గుడ్లు బజారు రేటుకే కొనాల.

దేశంలో షుగరున్నోళ్లు 10.1 కోట్లమందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా కట్టింది. ఇంతమందీ బద్ధకస్తులేనా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంట్లో అమ్మకో నాన్నకో కొత్తగా షుగరొస్తే తిట్టబాకండి. కంచంలో అన్నం సగం చేసి పప్పూ కూరా పెంచండి. గంటకోసారి పీట మీంచి లేపండి. తిన్నాక పది నిమిషాలు పక్కనుండి నడిపించండి, ఒక్కళ్లనే పొమ్మంటే పోరు. మాత్ర రాస్తే డాక్టర్ని అడక్కుండా ఆపనియ్యొద్దు. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి.

ఈసారి ఓట్లకొచ్చినోళ్లని మాత్రం అడగండి: బియ్యంతో పాటు నెలనెలా సరిపడా పప్పు ఎప్పుడిస్తారని.