రాజుగారి కమోడ్, మా అమ్మ చీపురు (దారి ముచ్చట్లు – 9)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "మ్యాన్‌హోళ్లలో మనోళ్లు చచ్చిపోతుంటే నీకు వింత మ్యూజియాల టూరు కావాల్సొచ్చిందా అన్నా?" అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి అప్పుడు కారెక్కుతా.

మా ఇంట్లో ప్రయాణం అంటే పని కోసమో, ఆస్పత్రి కోసమో, ధర్నా కోసమో. మా నాయన మిరపకాయ కోతలకి పక్క జిల్లాలకి పోయేవాడు. మా అమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు స్వీపరు. నాలుగు నెలల జీతం ఆపితే లారీ ఎక్కి కలెక్టరాఫీసు దాకా పోయింది. ఊరికే చూసి రావడానికి మా ఇంట్లో ఎవరూ గడప దాటలేదు. సరదాగా వంద కిలోమీటర్లు పోయి రావడం మనకి సంబంధించిన సుఖం కాదని మనమే ఒప్పుకుంటే ఇక ఎవరితో కొట్లాడతాం, దేనికి కొట్లాడతాం? అందుకే పోయాను. నాతో ముగ్గురు విద్యార్థులు వచ్చారు. ఢిల్లీలో కారు అద్దెకి తీసుకుని నలుగురం పంచుకున్నాం.

అసలు ఈ పిచ్చి మొదలైంది హైదరాబాద్‌లో. జూపార్కు దగ్గర, బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచారు. వంకాయ కారు, క్రికెట్ బ్యాట్ కారు, కమోడ్ కారు. అన్నీ చేత్తో చేసినవే. చేసినాయన పనితనానికి దండం పెట్టాలి, అందులో రెండో మాట లేదు. కమోడ్ కారు ముందు ఫొటోల కోసం జనం ఎగబడుతుంటే మా పిల్ల ఒకతి అంది: "అన్నా, ఢిల్లీలో దీనికి ఏకంగా మ్యూజియమే ఉందంట." ఫోన్ తీసి ఒక లిస్టు చూపించింది. దేశంలో తప్పక చూడాల్సిన వింత ప్రదేశాలు. మరుగుదొడ్ల మ్యూజియం, బుల్లెట్ బండి గుడి, చీపుర్ల మ్యూజియం. మూడూ ఢిల్లీ–జోధ్‌పూర్ దారిలోనే పడుతున్నాయి. జైపూర్‌లో ఇంకొకటి నేను కలిపాను. అది ఏ లిస్టులోనూ లేదు. ఎందుకు లేదన్నదే నా గొడవ.

ఢిల్లీలో మహావీర్ ఎన్‌క్లేవ్‌లో సులభ్ వాళ్ల మరుగుదొడ్ల మ్యూజియం. బిందేశ్వర్ పాఠక్ 1992లో పెట్టారు. హరప్పా కాలం మురుగు కాలువల నుంచి మొదలుపెట్టి ప్రపంచం మొత్తం ఎట్లా విసర్జించిందో వరసగా చెబుతారు. పుస్తకాల దొంతరలా కనిపించే కమోడ్ ఒకటి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సింహాసనం నమూనా ఇంకొకటి, కూర్చునే చోటే కమోడ్. దర్బారు నడుపుతూనే పని కానిచ్చేవాడట. ఆ మాట వినగానే గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా పిల్ల మాత్రం మెల్లగా అడిగింది: "అన్నా, ఆ సింహాసనం కింద నుంచి కుండ ఎవరు తీసేవాళ్లు?"

ఎవరో ఒక నౌకరు తీసుంటాడు. కానీ ఆ నౌకరు మనవడు కూడా కుండే ఎత్తాలని, ఆ మనవడు ముట్టుకున్న నీళ్లు మైలపడతాయని అక్కడ ఏ శాస్త్రమూ రాయలేదు. ఇక్కడ రాశారు. ఇండియాలో మరుగుదొడ్డి కథని కమోడ్ ఆకారాలతో చెప్పలేం. తట్టతో, రేకుముక్కతో, చీపురుతో చెప్పాలి.

పాఠక్ గురించి న్యాయంగా మాట్లాడాలి. ఆయన బీహార్ బ్రాహ్మణుడు. చిన్నప్పుడు పాకీ పనిచేసే ఆమెని ముట్టుకున్నాడని నాయనమ్మ ఆయనతో పేడ మింగించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1970లో సులభ్ మొదలుపెట్టి రెండు గుంతల మరుగుదొడ్డిని జనంలోకి తెచ్చాడు. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్లిస్తారు. మొదటిది ఎండి ఎరువైపోతుంది. పచ్చి మలాన్ని మనిషి చేత్తో ఎత్తాల్సిన పని ఉండదు. అదే ఆవరణలో ఆ నమూనాలు కూడా ఉన్నాయి. రాజస్థాన్‌లోని అల్వర్‌లో ఒకప్పుడు మలం ఎత్తిన ఉషా చౌమర్ ఆ సంస్థ ద్వారానే బయటపడి 2020లో పద్మశ్రీకి ఎంపికైంది. ఇదంతా కాదనే మూర్ఖుణ్ణి కాను.

నా కోపం జనం నవ్వు ఆగిపోయే చోటు మీద. సిమెంటు గుంత ముందు ఎవరూ సెల్ఫీ దిగరు. సింహాసనం దగ్గర నవ్వేసి బయటికొచ్చి, "భలే వింతగా ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి" అని రాస్తారు. ఆ మ్యూజియం తెరిచిన మరుసటేడు, 1993లో, పొడి మరుగుదొడ్లని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇరవై ఏళ్లకి 2013లో ఇంకో చట్టం. మధ్యలో 2011 జనాభా లెక్కలు చెప్పింది ఏంటంటే, మనిషే మలాన్ని ఎత్తిపోసే మరుగుదొడ్లు దేశంలో 7,94,390. ఇక 2021 జూలైలో పార్లమెంటులో మంత్రి ఏమన్నాడు? చేత్తో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోలేదన్నాడు. మరి సెప్టిక్ ట్యాంకుల్లో చచ్చినవాళ్లు? వాళ్లు "ప్రమాదకర శుభ్రత" చేస్తూ చనిపోయారట, అది వేరే ఖానా. 2018 సెప్టెంబరులో ఇదే ఢిల్లీలో మోతీనగర్‌లో మురుగు ట్యాంకులో దిగి ఐదుగురు పోయారు. శవాలు ఒకటే, ఖానా మారిస్తే లెక్క సున్నా. వింత చూడాలనుకునేవాళ్లు ముందు ఆ మాటని చూడండి, టికెట్ కూడా లేదు.

రోడ్ ట్రిప్ అంటున్నాం కదా, మన చరిత్రలో పెద్ద రోడ్ ట్రిప్ ఒకటుంది. మీలో ఎంతమందికి తెలుసు? 2015 డిసెంబరులో అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి ఒక బస్సు బయల్దేరింది. భీమ్ యాత్ర. 125 రోజులు, దాదాపు 500 జిల్లాలు. బస్సులో ఉన్నది మ్యాన్‌హోళ్లలో భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు, తట్ట వదిలేసిన కార్మికులు. "మమ్మల్ని చంపడం ఆపండి" అని ఒకటే మాట. అంబేద్కర్ 125వ జయంతికి ముందురోజు, 2016 ఏప్రిల్ 13న ఢిల్లీ చేరారు. నడిపింది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాని ముందున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర పారిశుధ్య కార్మికుల ఇంట్లో పుట్టిన తెలుగోడు. మన కాలేజీల్లో బైకుల మీద లద్దాఖ్ పోయినోళ్లకి సన్మానాలు చేస్తారు. ఆ బస్సు మన ఊళ్ల మీదుగా పోయిందని కూడా చాలామందికి తెలియదు.

జైపూర్‌లో నేను కలిపిన చోటుకొద్దాం. రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో మనువు విగ్రహం ఉంది. అవును, ఆ మనువే. 1989లో పెట్టారు. గొడవైతే అదే ఏడాది జూలైలో హైకోర్టు జడ్జీలంతా కూర్చుని తీసేయాలని నిర్ణయించారు. వెంటనే పిటిషన్ పడింది, స్టే వచ్చింది, మనువు అక్కడే ఉన్నాడు. 2018 అక్టోబరులో మహారాష్ట్ర నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆ విగ్రహానికి నల్ల రంగు పూసి అరెస్టయ్యారు. బయట కూడలి పేరు అంబేద్కర్ సర్కిల్. లోపల నడిచేది అంబేద్కర్ రాసిన రాజ్యాంగం.

చండాలుడు ఊరి బయట ఉండాలి, శవాల బట్టలు కట్టుకోవాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి, దిక్కులేని శవాల్ని మోయాలి అని రాసినవాడు న్యాయస్థానంలో నిలబడి ఉన్నాడు. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టాడు. కాలిన పుస్తకం అరవై రెండేళ్లకి రాయై లేచింది. ఇంతకన్నా వింత దేశంలో ఏముంది? వంకాయ కారు వింత, కమోడ్ సింహాసనం వింత. ఇది మాత్రం మామూలు. ఏది వింత, ఏది మామూలు అనేది ఎవరు తేలుస్తున్నారో చూసుకోండి.

అజ్మీర్ దాటాక ఒక ఊళ్లో లాడ్జికి పోయాం. కౌంటర్లో ఆయన ఆధార్ చేతిలో పెట్టుకునే "పూరా నామ్?" అన్నాడు. కార్డు మీద ఉన్న పేరే చెప్పాను. "ఆగే?" అన్నాడు, అంటే దాని తర్వాత ఏముంది అని. ఏమీ లేదన్నాను. కాసేపు చూసి గదులు లేవన్నాడు. వెనక తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. ఆ రాత్రి ధాబా దగ్గర కార్లోనే పడుకున్నాం. దీని గురించి ఎక్కువ రాయను, మీకు తెలియంది కాదు.

పాలీ దాటి జోధ్‌పూర్ వైపు పోతుంటే హైవే పక్కన బుల్లెట్ బాబా గుడి. అద్దాల పెట్టెలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి, దానికి దండలు, అగరొత్తులు, మందు సీసాలు. 1988లో ఓం సింగ్ రాఠోడ్ అనే యువకుడు ఇక్కడ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. పోలీసులు బండిని స్టేషన్‌కి తీసుకెళ్తే తెల్లారేసరికి అది మళ్లీ ఇక్కడికే వచ్చేసిందని కథ. జనం ఓం బన్నా అంటారు. బన్నా అంటే రాజ్‌పుత్ కుర్రాళ్లని పిలిచే గౌరవపు మాట. దేవుడి పేరులోనే కులం ఉంది. దండం పెట్టే లారీ డ్రైవర్ల మీద నాకు కోపం లేదు. రాత్రంతా స్టీరింగ్ పట్టుకునేవాడికి ఏదో ఒక ధైర్యం కావాలి.

కానీ ఒక ఠాకూర్ అబ్బాయి బండికి హైవే మీద గుడి ఉన్న రాష్ట్రంలో, దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కాలంటే పోలీసు కాపలా కావాలి. బూందీ జిల్లా పోలీసులైతే దీనికి "ఆపరేషన్ సమానతా" అని పేరే పెట్టారు. ఇదే పాలీ జిల్లాలో 2022 మార్చిలో, మీసం మెలేసిన ఫొటోలు పెట్టుకునే ఒక దళిత ఆరోగ్య కార్యకర్తని కత్తులతో పొడిచి చంపారు. వాడు దర్జాగా బతకడమే వాళ్లకి నచ్చలేదని ఇంటివాళ్లు చెప్పారు. అతను కూడా ఆ రోజు బైక్ మీదే ఇంటికి పోతున్నాడు.

ఆఖరిది జోధ్‌పూర్ బయట మోక్లావాస్‌లో ఉన్న చీపుర్ల మ్యూజియం. పేరు అర్నా ఝర్నా. జానపద పరిశోధకుడు కోమల్ కోఠారీ ఆలోచన. ఆయన 2004లో పోయారు. నిజం చెప్పాలంటే నేను తిట్టడానికే సిద్ధమై పోయాను. అక్కడ నోరు మూతపడింది. ఏ నేలలో ఏ గడ్డి మొలుస్తుంది, ఏ గడ్డితో ఏ చీపురు కడతారు, ఎవరు కడతారు, ఎవరు ఊడుస్తారు అన్నీ ఉన్నాయి. ఇల్లు ఊడ్చే మెత్తటి చీపురు ఆడది, వాకిలీ వీధీ ఊడ్చే గట్టి చీపురు మగది. చీపురు కట్టే కులాల్ని పేరుపెట్టి చెప్పిన మ్యూజియం నేను ఇంకెక్కడా చూడలేదు.

మన దగ్గరా చీపురు లక్ష్మీదేవి. తొక్కకూడదు, దీపాలు పెట్టాక ఊడవకూడదు. కోపమొస్తే మాత్రం "చీపురు తిరగేస్తా" అంటారు. దేవత ఎప్పుడవుతుందో, తిట్టు ఎప్పుడవుతుందో పట్టుకున్న చేతిని బట్టి ఉంటుంది. పీష్వాల పుణెలో అంటరానివాడు తన అడుగుజాడల్ని తానే తుడిచేసుకుంటూ పోవడానికి నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశాడు. ఆ చీపురు కోసం నేను వెతికాను. రాజస్థాన్ మ్యూజియంలో పుణె చీపురు ఉండదని తెలుసు. అయినా వెతికాను.

అక్కడి నుంచే అమ్మకి వీడియో కాల్ చేశాను. ఫోన్ తిప్పి గోడంతా చూపించాను.

"ఏందిరా అయ్యా, చీపుర్ల కొట్టా?"

"మ్యూజియం అమ్మా. చూడ్డానికి దూరం దూరం నుంచి వస్తారు."

"చీపుర్లు చూడ్డానికా?" అని నవ్వింది. కాసేపటికి "దగ్గరగా పెట్టు" అంది. పెట్టాను. ఒక్కోదాన్నీ చూసింది. "ఇది బాగా కట్టారు. అది నాలుగు రోజులకే ఊడిపోద్ది, కట్టు వదులు." మళ్లీ అంది, "అన్నీ పొట్టివే. వంగి వంగి నడుం పోద్ది. మా వాళ్లు ఇచ్చేవీ ఇట్టాంటివే, కర్ర మేమే కొనుక్కుని కట్టుకోవాలి. ఆ ఊడ్చే ఆడోళ్లని ఎవుర్నన్నా అడిగావా, నడుం నొప్పికి ఏం రాస్తన్నారో?"

అడగలేదు. బయట గేటు దగ్గర ఒకావిడ ఊడుస్తూ ఉంది. ఫోన్ పట్టుకునే ఆవిడ దగ్గరికి నడిచాను. నాకొచ్చిన హిందీతో అమ్మ ప్రశ్న ఆవిడకి, ఆవిడ జవాబు అమ్మకి చెప్పుకుంటూ పావుగంట నిలబడ్డాను. పిల్లలు కారు దగ్గర హారన్ కొడుతున్నారు.