ఎత్తని కాల్‌తో తెరుచుకున్న తలుపు

2019 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. వాట్సాప్ దారిన పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ గురిపెట్టిన ఫోన్లలో ఆ రాష్ట్ర న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలవీ ఉన్నాయని వార్తలు రావడమే కారణం. నిఘా పెట్టించింది ఎవరన్నదే రాయపూర్‌లో అప్పటి చర్చ. అడగాల్సిన ప్రశ్నే. అసలు తలుపు ఎందుకు తెరిచి ఉందన్నది మాత్రం ఇంజినీర్ల గొడవగా మిగిలిపోయింది.

ఆ లోపం వాట్సాప్ కాల్స్ నడిపే భాగంలో ఉంది. పేరు బఫర్ ఓవర్‌ఫ్లో. శేరు గిన్నెలో సవాశేరు పోస్తే మిగిలింది నేలపాలవుతుంది. కంప్యూటర్ మెమరీలోనైతే పక్క గదిలో పడుతుంది. తర్వాత ఏ ఆదేశానికి వెళ్లాలో చెప్పే చిరునామా ఆ గదిలో ఉందనుకోండి, దాడి చేసేవాడు దాన్ని చెరిపి తనకు కావలసింది రాస్తాడు. ఇక ఫోన్ అతని మాటే వింటుంది. ప్రత్యేకంగా తయారుచేసిన ప్యాకెట్లు ఫోన్‌కు చేరితే చాలు, కాల్ ఎత్తనక్కర్లేదు. ఇలా సుమారు 1,400 ఫోన్లపై దాడి జరిగిందని వాట్సాప్ అమెరికా కోర్టుకు చెప్పింది. లోపాన్ని 2019 మేలోనే సరిచేసింది.

జబ్బు పాతదే. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఇదీ ఒకటి. సి, సి++ భాషలు గిన్నె కొలతను వాటంతట అవి చూడవు, ఆ భారం ప్రోగ్రామర్‌దే. తర్వాత అడ్డుగోడలు చాలానే కట్టారు. డేటా ఉన్నచోట ఆదేశాలు నడవనివ్వరు, చిరునామాలను ప్రతిసారీ మారుస్తారు, మధ్యలో ఒక రహస్య సంఖ్యను కాపలా పెడతారు. అయినా బయటి కోడ్ తేలేనివాడు ప్రోగ్రామ్‌లో ఉన్న ముక్కలనే ఏరి తనకు కావలసిన వరసలో నడిపిస్తున్నాడు. ఇంట్లో ఉన్న నిచ్చెనతోనే దొంగ పైకెక్కినట్టు!

కాబట్టి మందు భాష దగ్గరే వేయాలి. రస్ట్ లాంటి భాషలో ఇలాంటి తప్పులు చాలావరకు కంపైల్ దశలోనే దొరుకుతాయి. నడుస్తుండగా హద్దు దాటితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పాతదంతా తిరగరాయడం ఎవరివల్ల అవుతుందని కొందరంటారు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఆ పని చేయలేదు, కొత్త కోడ్‌ను ఇలాంటి భాషల్లోకి మళ్లించింది. భద్రతా లోపాల్లో మెమరీ తప్పుల వాటా 2019లో 76 శాతం ఉండగా 2024కు 24 శాతానికి దిగింది.

రాయపూర్ అయినా అమరావతి అయినా, ప్రభుత్వాలు సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచినప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాలి: కొత్త కోడ్ ఏ భాషలో రాస్తారు? సి అయితే, ఎందుకు?