ఉంటున్న ఊరిలో మన పేరు ఉండాలి



విదేశాల్లో ఉన్న పిల్లల గురించి అడిగితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు జీతం చెబుతారు, ఇల్లు చెబుతారు, కారు చెబుతారు. "జబ్బు చేస్తే అక్కడ ఎవరి దగ్గరకు వెళతారు?" అని మేము అడిగితే మాత్రం చాలామంది మాట్లాడరు. లేకపోతే "ఇన్సూరెన్స్ ఉందిగా సిస్టర్" అంటారు. ఇన్సూరెన్స్ ఉండవలసిందే. కానీ అది ఒక్కటే చాలదని మా అభిప్రాయం. కరోనా రోజుల్లో దక్షిణ స్పెయిన్ నుంచి మాకు వచ్చిన ఉత్తరాలు చదివాక ఈ అభిప్రాయం గట్టిపడింది.

ఆ ఉత్తరాలు రాసినవారు ఒకప్పుడు మాకు నర్సింగ్ పాఠాలు చెప్పిన ఇంగ్లండు సిస్టర్ గారు. ఇక్కడ ఎన్నో ఏళ్ళు పనిచేసి, స్వదేశం వెళ్ళి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులకు అక్కడి చలి పడక, స్పెయిన్‌లోని మలాగా జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న ఫ్లాటు తీసుకున్నారు. దక్షిణాన ఉన్న అండలూసియా ప్రాంతంలోని 8 జిల్లాలలో మలాగా ఒకటి. ఆ తీరాన్ని కోస్టా దెల్ సోల్ అంటారు, అంటే సూర్యుని తీరం. ఎండ కోసం చలిదేశాల నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. వారి కోసం ఇంగ్లీషు దుకాణాలు, ఇంగ్లీషు మాట్లాడే ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. స్పానిష్ భాష రాకపోయినా రోజు గడిచిపోతుంది. మా సిస్టర్ గారికి కూడా అలాగే 6 ఏళ్ళు గడిచాయి.

2020 మార్చి 14న స్పెయిన్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. తిండి సామాను కొనడానికి, మందులకు, ఆసుపత్రికి, ఇంటి నుంచి చేయలేని ఉద్యోగానికి తప్ప ఎవరూ గడప దాటరాదు. తప్పు చేసినవారికి 601 యూరోల నుంచి జరిమానా. నడక కోసం బయటికి రావడం కూడా నిషేధమే. కుక్క ఉన్నవారు మాత్రం దానిని కాసేపు తిప్పుకోవచ్చు. "ఈ వీధిలో నాకంటే కుక్కకే స్వేచ్ఛ ఎక్కువమ్మా" అని సిస్టర్ గారు రాశారు. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈస్టర్ వచ్చింది. శ్రమల వారంలో జనంతో కిటకిటలాడే సెవిల్యా, మలాగా వీధుల్లో ఊరేగింపులు జరగలేదు. మరుసటి ఏడాది కూడా జరగలేదు.

మూడు వారాలు గడిచేసరికి సిస్టర్ గారి బి.పి. మాత్రలు అయిపోయాయి. ఆమె వెళ్ళే ప్రైవేటు క్లినిక్ మూసి ఉంది. చీటీ లేకుండా మందుల షాపులో ఇవ్వలేదు, అది సరైన పనే. ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆమె పేరు లేదు. అక్కడ కార్డు కావాలంటే ముందు మునిసిపాలిటీ నివాసుల పట్టీలో పేరు ఉండాలి. ఆ పట్టీని పద్రోన్ అంటారు. నివాసం కాగితాలూ సరిగా ఉండాలి. "ఎప్పుడో వెళ్ళి రాయించుకుందాంలే" అనుకుంటూ ఆమె 6 ఏళ్ళు గడిపేశారు. నాలుగు రోజులు మాత్రలు లేకుండా గడిచాక, ఒక ఉదయం మంచం దిగగానే గది గిర్రున తిరిగింది.

కింది అంతస్తులో 80 ఏళ్ళ స్పెయిన్ అవ్వ ఒకరు ఒంటరిగా ఉంటున్నారు. ఆరేళ్ళలో వారిద్దరి మధ్య "ఓలా" అనే పలకరింపు తప్ప మరో మాట లేదు. మన దేశంలో 2020 మార్చి 22 సాయంత్రం చప్పట్లు కొట్టాం కదా! స్పెయిన్‌లో వైద్య సిబ్బంది కోసం వారాల తరబడి ప్రతి రాత్రి 8 గంటలకు జనం బాల్కనీల్లో నిలబడి కొట్టేవారు. అప్పుడే వీరిద్దరూ ఒకరినొకరు సరిగా చూసుకున్నారు. ఆ ధైర్యంతో సిస్టర్ గారు మెట్ల కమ్మీ పట్టుకుని దిగి తలుపు తట్టారు. కళ్ళు తిరుగుతున్నాయని స్పానిష్‌లో ఎలా చెప్పాలో తెలియదు. చేతిని తల చుట్టూ తిప్పి చూపించారు. అవ్వ కుర్చీ వేసి కూర్చోబెట్టి, తన బి.పి. మిషను తెచ్చి కట్టారు. పైది 190, కిందిది 110. అవ్వే ఆరోగ్య కేంద్రానికి ఫోను చేశారు. ఇంగ్లీషు వచ్చిన మనవరాలిని కూడా ఫోనులో కలిపారు. డాక్టరు వివరాలు అడిగి మందు రాశారు. పట్టీలో పేరు లేదు కదా అని ఆరోజు ఎవరూ ఆమెను వదిలేయలేదు. అవ్వ లేకపోతే ఏమయ్యేదో నర్సులం కాబట్టి మాకు తెలుసు. పక్షవాతంతో పడిపోయి రెండు రోజుల తర్వాత దొరికినవారిని మా క్యాజువాల్టీలో చూశాం.

ఆ వారం వచ్చిన ఉత్తరం మేము దాచుకున్నాం. "మీకు నేర్పినది నేను పాటించలేదమ్మా" అని రాశారు. మాకు వెంటనే అర్థమైంది. మేము విద్యార్థినులుగా ఉన్నప్పుడు, "రోగి భాషలో నొప్పి పేరు తెలియని నర్సు సగం నర్సే" అని ఆమె అనేవారు. తాను మాత్రం మన వార్డుల్లో తిరిగి కడుపులో మంట, తిమ్మిరి, ఆయాసం, నీరసం అన్నీ తెలుగులో నేర్చుకున్నారు. పల్లెటూరి అవ్వలు ఆమెతో గంటల తరబడి బాధలు చెప్పుకునేవారు. అలాంటి మనిషి, సేవ చేయడానికి వచ్చిన చోట భాష నేర్చుకుని, విశ్రాంతికి వెళ్ళిన చోట నేర్చుకోలేదు. ఇతరులకు చేసేటప్పుడు ఉన్న జాగ్రత్త మన విషయంలో ఉండదు. నర్సులలో ఈ లోపం ఎక్కువని ఒప్పుకోవాలి.

తర్వాత సంగతి సంతోషకరమైనది. అవ్వ బాల్కనీ నుంచి పైకి చూస్తూ రోజుకు నాలుగు మాటలు చెప్పేవారు. నొప్పిని దోలోర్ అంటారు. కళ్ళు తిరగడం మారెయో. ఆంక్షలు సడలి, ఆఫీసులో ముందుగా సమయం తీసుకుని వెళ్ళే వీలు కలగగానే సిస్టర్ గారు పద్రోన్‌లో పేరు రాయించుకున్నారు. నివాసం కాగితాలు కూడా సరిచేసుకున్నారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయిన ఒప్పందం ప్రకారం 2020 డిసెంబరు 31 లోపు చట్టప్రకారం అక్కడ నివసిస్తున్నవారికి పాత హక్కులు నిలిచాయి. ఆలస్యం చేసినవారికి కష్టమయింది. 2021లో టీకాలు ప్రభుత్వ ఆరోగ్య శాఖ ద్వారానే, వయసు వరుసలో వేశారు. పట్టీలో పేరు ఉంది గనుక సిస్టర్ గారికి వంతు రాగానే ఫోను వచ్చింది. అదే భవనంలో పేరు లేని ఒక పెద్దాయన ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

ప్రయాణాల సంగతి కూడా చెప్పాలి. 2020 జూన్ 21న ఆ మొదటి అత్యవసర పరిస్థితి ముగిసింది. జూన్ 17న తిరిగి తెరిచిన గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటను చూడటానికి సిస్టర్ గారు జూలైలో బస్సులో వెళ్ళారు. ఎప్పుడూ కిక్కిరిసి ఉండే ఆ రాజమందిరాల్లో నీటి చప్పుడు వినబడిందట. ఆ నెలాఖరులో ఇంగ్లండు నుంచి మేనకోడలు రావలసి ఉంది. జూలై 26 నుంచి, స్పెయిన్ వెళ్ళి వచ్చినవారు 14 రోజులు ఇంట్లోనే ఉండాలని బ్రిటన్ ప్రకటించడంతో ఆమె రాలేదు. నవంబరు 10 నుంచి అండలూసియాలో తగిన కారణం లేకుండా సొంత ఊరి పొలిమేర కూడా దాటనివ్వలేదు. రెండవ అత్యవసర పరిస్థితి 2021 మే 9న ముగిశాక, సిస్టర్ గారు, అవ్వ, మనవరాలు కలిసి కొండమీది రోందా పట్టణానికి వెళ్ళి లోయ మీద కట్టిన పాత వంతెన చూసి వచ్చారు. ఆ ప్రయాణంలో మాత్రల డబ్బా, చీటీ, ఆరోగ్య కార్డు సిస్టర్ గారి చేతిసంచిలో ఉన్నాయి.

ఇంతటి కట్టడి అవసరమా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. ఇళ్ళలో కట్టడి చేసిన తీరు రాజ్యాంగానికి విరుద్ధమని 2021 జూలైలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 6-5 ఓట్లతో తీర్పు చెప్పింది. అది ఏ చట్టం కింద చేయాలనే ప్రశ్న. మేము వైద్యం వైపు నుంచే మాట్లాడగలం. ఆసుపత్రుల్లో మంచాలు నిండిపోతున్నప్పుడు జనాన్ని ఇంట్లో ఉంచడం తప్పలేదు. కానీ పెద్దవాళ్ళను 7 వారాలు నడవనివ్వకపోవడం మంచిది కాదని మా అభిప్రాయం. మే 2న 70 ఏళ్ళు దాటినవారికి ఉదయం 10 నుంచి 12 వరకు, సాయంత్రం 7 నుంచి 8 వరకు నడకకు అనుమతి ఇచ్చారు. ఆరోజు సిస్టర్ గారు వీధి చివరిదాకా కూడా వెళ్ళలేకపోయారు. వాడని కాలు బలం కోల్పోతుంది. మళ్ళీ అలాంటి రోజులు వస్తే వృద్ధుల నడకకు మొదటి వారం నుంచే ఒక వేళ కేటాయించాలి. ఇంట్లో ఉన్నవారు కూడా గదిలోనైనా రోజూ నడవాలి.

విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వారం ఫోనులో నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో లేక కుటుంబ డాక్టరు దగ్గర నీ పేరు ఉందా? రోజూ వేసుకునే మందులు నెల రోజులకు ఉన్నాయా, చీటీ ఎక్కడ పెట్టావు? నొప్పి, జ్వరం, ఆయాసం అని అక్కడి భాషలో చెప్పగలవా? పక్క ఇంటివారి పేరు ఏమిటి? పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, జవాబు వచ్చేదాకా అడగండి. కొడుకు దగ్గర ఉండటానికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఇవే చూసుకోవాలి. పాత చీటీలు ఊళ్ళో బీరువాలో పెట్టి వెళితే అవి అక్కడ పనికిరావు.

సిస్టర్ గారు మొన్న ఫోను చేసినప్పుడు పక్కన అవ్వ నవ్వు వినబడింది. బి.పి. ఎంత ఉందని అడిగాం. 130 మీద 80 అన్నారు. అవ్వకు కూడా చూశారా అని అడిగితే, "ముందు ఆవిడదే చూశానమ్మా" అన్నారు.