రాయడంలో పోటీ వద్దు

బైబిల్‌లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకొక అధ్యాయం చొప్పున చేత్తో రాసినా మూడేళ్ల పైమాటే. అందుకే వాక్యం రాయడమంటే గ్రంథం మొత్తం రాసి తీరాలన్న పట్టుదల మంచిది కాదు. లెక్క పూర్తిచేయాలన్న ఆరాటం మొదలైతే పెన్ను పరుగెడుతుంది, మనసు వెనకబడుతుంది.

136వ కీర్తననే చూడండి. అందులోని 26 వచనాలూ ఒకే పల్లవితో ముగుస్తాయి. కన్ను పుస్తకం మీది నుంచి నోటుబుక్కు మీదికి వెళ్లి వచ్చేసరికి ఏ పల్లవి దగ్గర ఆగిందో తెలియదు. ఒక వచనం ఇట్టే జారిపోతుంది. పూర్వపు లేఖకులకూ ఇదే చిక్కు. ప్రాచీన ప్రతుల్లో ఇలా తప్పిపోయిన వరుసలను పండితులు ఎన్నో గుర్తించారు. జారిన వచనం కోసం వెనక్కి వెళ్లి వేలు పెట్టి వెతుక్కోవడంలోనే అసలు ధ్యానం ఉంది. గబగబా చదివేసేటప్పుడు ఆ అవకాశమే రాదు.

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం రాజు సైతం ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకోవాలంటుంది. బతికినన్నాళ్లూ దాన్ని చదువుకోవాలన్నదే అక్కడి ఉద్దేశం, ఎంత త్వరగా రాశాడన్నది కాదు. తెలుగులోనూ బైబిల్ మొదట చేతిరాతే. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి చేసిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు. మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి 1812 వచ్చింది.

ఇక రామకోటి రాసే పెద్దలున్న మన ఊళ్లలో భక్తితో రాయడం ఎవరికీ కొత్త కాదు. ఇరుగుపొరుగు ఆ నోటుబుక్కులను ఎంత భద్రంగా దాచుకుంటారో క్రైస్తవ కుటుంబాలూ చూస్తూనే ఉన్నాయి.

కల్హేర్, నారాయణఖేడ్ వైపు సంఘాలు వాక్యం రాయడాన్ని చిన్నగా మొదలుపెట్టవచ్చు. ఉమ్మడి మెదక్ జిల్లాకు ఓపిక తెలియనిదా? మిషనరీ పోస్నెట్ దొర చేపట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొనేసరికి పదేళ్లు పట్టింది. రూతు, యోనా గ్రంథాలు నాలుగేసి అధ్యాయాలే. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు. శ్రమకాలపు నలభై రోజుల్లో తొందర లేకుండా రాయవచ్చు. చదువు రాని అమ్మమ్మ కంఠతా వచ్చిన కీర్తన చెబుతుంటే మనవరాలు రాయవచ్చు. ముందు ముగించినవారికి బహుమతులు మాత్రం పెట్టకూడదు. పెడితే పిల్లలు పేజీలు లెక్కపెడతారు, వచనం ఎవరికీ గుర్తుండదు.