నాలుక సాక్ష్యం చెల్లదు

ఈ టపా కొందరికి రుచించకపోవచ్చు. రుచిని గురించే కనుక ముందే చెబుతున్నాను.

మా అన్నోజిగూడలో ఒక మిత్రుని ఇంట క్రిస్మసు విందుకు వెళ్ళాను. స్టీలు గ్లాసులలో ఇంటి వైను పోశారు. ఎనిమిదేళ్ళ మనుమరాలి చేతిలోనూ ఒక చిన్న గ్లాసు ఉంది. నేను కనుబొమలు ముడవడం చూసి ఆయన నవ్వాడు. "ఇంట్లో చేసిందే సార్, ఉత్త ద్రాక్షరసం. తాగి చూడండి, ఎంత తీయగా ఉందో!"

నా తగవు ఆ మాటతోనే. ప్రత్యక్షం ప్రమాణమే, కాదనను. కాని నాలుకకు ప్రత్యక్షమయ్యేది మిగిలిపోయిన తీపి మాత్రమే. ఆల్కహాలుగా మారిపోయిన తీపిని అది ఎలా కొలుస్తుంది?

ఆయన మరొక జాడీ పెట్టబోతుంటే కొలుద్దామన్నాను. కిలో ద్రాక్ష, కిలో చక్కెర, మూడు లీటర్ల నీళ్ళు, కాస్త ఈస్టు. మొదట ఆయన పాలు పరీక్షించే లాక్టోమీటరు తెచ్చాడు. పాల సాంద్రతకు సరిపడే గీతలవి. చిక్కని తీపి రసంలో అవన్నీ పైకి తేలిపోయాయి. అప్పుడు భౌతికశాస్త్రం చెప్పిన పాత సహోద్యోగి వద్ద హైడ్రోమీటరు అరువు తెచ్చాను. నీటి సాంద్రత 1.000 అనుకుంటే రసానిది 1.100. మూడు వారాల తరువాత 1.010. ఈ తేడాను, అంటే 0.090ని, 131.25తో గుణిస్తే దాదాపు 11.8. అంటే ఘనపరిమాణంలో సుమారు 12 శాతం ఆల్కహాలు! అప్పటికీ అది తీయగానే ఉంది.

కొందరు తయారైన వైనులో ఒక్కసారి మీటరు ముంచి "శాతం తెలిసింది" అంటారు. ఇది మరీ పెద్ద పొరపాటు. చక్కెర ద్రవాన్ని బరువెక్కిస్తుంది, ఆల్కహాలు తేలిక చేస్తుంది. 1.025తో మొదలై 1.010కి దిగినదానిలో ఉండేది 2 శాతమే. 1.100తో మొదలై అదే 1.010కి దిగినదానిలో 12. చివరి అంకె రెండింటికీ ఒక్కటే. మొదటి కొలత తీసుకోనివారు "మాకు తెలియదు" అని ఒప్పుకోవాలి గాని "ఏమీ లేదు" అనరాదు.

ఆ కొలతలోనూ శ్రద్ధ కావాలి. వడగట్టిన రసం తీసుకోవాలి. బుడగలు అంటుకుంటే మీటరు పైకి లేచి అంకె పెరుగుతుంది కనుక దానిని ఒకసారి గిర్రున తిప్పాలి. సాధారణంగా ఈ మీటరును 20 డిగ్రీలకు సరిచేసి ఉంచుతారు; మన మే నెల 35 డిగ్రీలలో సుమారు 0.004 తక్కువ చూపుతుంది. అంటే శాతంలో అర వరకు తప్పు. ఇదంతా చేసినా వచ్చేది అంచనాయే. కాని "ఏమీ లేదు" అనే మాట అంచనా కూడా కాదు.

నన్ను ఎక్కువగా నొప్పించేది మరొకటి. ఈతచెట్టు కింద కల్లు తాగేవాణ్ణి తాగుబోతు అంటాము. కల్తీ లేని కల్లులో ఆల్కహాలు సాధారణంగా నాలుగైదు శాతం. మన డ్రాయింగు రూములో దానికి రెట్టింపు పైగా ఉన్నదాన్ని ఉత్త ద్రాక్షరసం అంటాము. ద్రాక్షాసవం అమ్మే ఆయుర్వేదంవారు సైతం అందులో స్వయంగా పుట్టిన ఆల్కహాలు ఉందని సీసా మీద ముద్రిస్తారు. మనకు ఆపాటి నిజాయితీ లేదు. అనుమతి లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఆబ్కారీ చట్టం కింద నేరమన్న సంగతి కూడా ఆ తీయని మాట కిందనే దాగిపోతుంది.

ఇది మాటల పట్టింపు కాదు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 12 శాతమంటే 24 మిల్లీలీటర్లు, సుమారు 19 గ్రాముల ఆల్కహాలు. ఖాళీ కడుపున తాగిన అరవై కిలోల మనిషి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములని చట్టం గీసిన గీతను దాటిపోవచ్చు. ఆయన "ద్రాక్షరసమే కదా" అనుకుంటూ ఉప్పల్ వైపు బండి తీస్తాడు. ఇక ఇరవై కిలోలైనా లేని పసిపిల్ల సంగతి మీరే ఆలోచించండి.

ఆ జాడీ మీద ఇప్పుడు "12 శాతం" అని రాసిన కాగితం అంటించి ఉంది. మనుమరాలికి నిమ్మరసం ఇస్తున్నారు. నా వాదం కాదనే మిత్రులు తప్పక వ్యాఖ్యానించండి. కాని రుచితో కాదు, రెండు అంకెలతో రండి.